మెమరీ కాళ్లకు పసుపు

మా అత్త సైదమ్మకు కోడలంటే ప్రాణం. ఈ మాట నేను కొంచెం ఫిర్యాదుగానే చెబుతున్నాను. ఆ ప్రేమ వల్లే మొన్నటి దసరా ముందు నా కంప్యూటర్ మూగబోయింది. ఇంకాస్త ఆలస్యమైతే ఆమె నల్ల గొర్రెల మంద బేరగాడి బండి ఎక్కిపోయేది.

ముందు నా సంగతి చెప్పాలి. మేము కురుమలం, గొర్రెలు కాసే కులం. కానీ మా బాపు చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో పనిచేశాడు కాబట్టి మా ఇంట్లో గొర్రె అనేది కూర గిన్నెలో తప్ప కనిపించేది కాదు. పశువైద్యం చదివాక నల్ల గొర్రెల మీద పరిశోధనకు కుదిరాను. గొంగడికి ఉన్ని ఇచ్చే ఆ గొర్రెలు ఊరూరా తగ్గిపోతున్నాయి. మిగిలిన వాటిలో ఎవరి మంద ఎవరి మందకు చుట్టమో, వాటి రక్తంలోని జన్యువులను పోల్చి తేల్చడం నా పని. అలా సిరంజీలు, స్పిరిట్ సీసా, దూది సంచీలో వేసుకుని ఊళ్లు తిరుగుతూ దేవరకొండ పక్క ఊళ్లో సైదమ్మ మంద దగ్గరికి వచ్చాను. గొర్రెను కదలకుండా పట్టుకోవడానికి ఆమె కొడుకు నాగేందర్ సాయం వచ్చాడు. రక్తం ఇచ్చిన గొర్రెలన్నీ దులుపుకుని వెళ్లిపోయాయి. నేను మాత్రం అక్కడే చిక్కుకుపోయాను.

ఆ ఇంట్లో మందలు రెండు. మా మామ గుర్వయ్యవి తెల్ల గొర్రెలు, తొందరగా బరువు పెరుగుతాయి, సంతలో గిరాకీ ఉంటుంది. అత్తవి నల్లవి. ఆమె పెళ్లప్పుడు కోస్గి పక్కనున్న తల్లిగారు అరణంగా ఇచ్చిన గొర్రెల సంతానం. అరణమంటే పుట్టింటివాళ్లు బిడ్డ వెంట ఇష్టంగా పంపే కానుక. అది ఆడదాని సొంతం, దాని మీద మొగుడికి మాట ఉండదు.

మామ మాట మాత్రం వేరు. ఆ అరణం గొర్రెలు చచ్చి ఏ కాలమైందో, వాటి పిల్లల పిల్లలు తన మందతో కలిసి కలిసి ఇప్పుడు రంగొక్కటే నలుపు మిగిలిందని ఆయన వాదన. ఉన్ని కొనేవాడు లేడు, గొంగడి నేసేవాడు లేడు, ఇవి ఎదిగేసరికి తెల్లవి రెండు ఈతలు ఈనుతాయి. పైగా మందకు గొర్రెపోతు కావాల్సి వచ్చినప్పుడల్లా ఈమె కోస్గి మందలోని పోతునే తేవాలని మొండికేసేది, దాన్ని బస్సు మీదికెక్కించి తెచ్చేసరికి తన నడుములు పడిపోయేవి. ఇవన్నీ ఏకరువు పెట్టి, దసరా బేరం మంచిగా ఉంటుంది, నల్లవాటిని జంగయ్యకు ఇచ్చేస్తానన్నాడు. జంగయ్య మా వైపు ఊళ్లలో గొర్రెలు కొనే బేరగాడు. సద్దుల బతుకమ్మకు ముందు రోజు వస్తానని అప్పటికే కబురు పెట్టాడు.

మా అత్త ఎదురు మాట్లాడే మనిషి కాదు. అన్నం వడ్డించి, చెయ్యి కడుక్కుని ఒక్క మాట అంది.

"గవి మా తల్లిగారియో నీయో కోడలి మిషన్ చెప్పనీ. నీయే అని జెప్తే అమ్ముకో."

మామ నవ్వి సరేనన్నాడు. జంగయ్య వచ్చేదాకా చూస్తానన్నాడు. ఆ మాటతో ఆయనకు పోయేదేమీ లేదు, నా నెత్తిన మాత్రం బండ పడింది. ఎందుకంటే నా మిషన్ అప్పటికి ఏ మాటా చెప్పే స్థితిలో లేదు.

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న వర్క్‌స్టేషన్. బరువుకి బీరువా తమ్ముడిలా ఉంటుంది. గొర్రెలన్నింటి జన్యువుల లెక్క డిస్కులో భద్రంగా ఉంది, జాగాకు కొదవ లేదు. చిక్కంతా మెమరీ దగ్గరే. పోల్చే ప్రోగ్రామ్ ఆ డేటానంతా ఒకేసారి మెమరీలోకి తెచ్చుకుంటే తప్ప పని మొదలుపెట్టదు. సగం దాకా తెచ్చుకుని, ఇక పట్టక, 'కిల్డ్' అని ఒక్క ముక్క రాసి చచ్చిపోతుంది. డిస్కులో కొంత భాగాన్ని మెమరీలా వాడుకోమని చెప్పి చూశాను. అప్పుడు చావలేదు గానీ బతికున్నట్టు కూడా లేదు, మౌస్ కదిపితే బాణం గుర్తు సాయంత్రానికి కదిలేట్టుంది. యూనివర్సిటీలో పెద్ద కంప్యూటర్ ఉంది, దాని ముందు నాలాంటి వాళ్ల క్యూ ఉంది. ఇంటర్నెట్‌లో కిరాయికి తీసుకుందామంటే మా ఊరి సిగ్నల్‌తో ఆ డేటా పైకి ఎక్కేలోపు వచ్చే దసరా కూడా అయిపోతుంది. నా థీసిస్ ఆలస్యమైతే మా గైడ్ తిడతాడు, పడతాను. మంద పోతే ఎవరిని తిట్టి తెచ్చుకోవాలి?

నాగేందర్ చౌటుప్పల్‌లోనే ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. ఏ రకం మెమరీ కావాలో ఫోన్‌లో ఒకటికి రెండుసార్లు చెప్పి, హైదరాబాద్ వెళ్లి తెమ్మన్నాను. పాతవాటితో సరిపోలని రకం తెస్తే గడప తొక్కనివ్వనని కూడా చెప్పాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అతనికి తెలుసు కాబట్టి మిషన్ లోపలి పాత మెమరీ ముక్కను ఫోటో తీసి పంపమని అడిగి, దాన్ని షాపువాడికి చూపించి మరీ తెచ్చాడు.

ఆ ఆదివారం సాయంత్రం కరెంటు లేదు. దొడ్డి దగ్గర అత్త పిల్లలను తల్లులకు వదులుతోంది. రోజంతా ఇంటి దగ్గరున్న గొర్రెపిల్లలు మంద రాగానే అరుచుకుంటూ పరుగెత్తి, ఆ గుంపులో తమ తమ తల్లులను వెతుక్కుంటాయి. ఈ మెమరీ ఎందుకు బిడ్డా అని ఆమె అడిగితే, ఎదురుగా ఉన్నదే చూపించి చెప్పాను. మందలో సగమే లోపలికి తోలితే మిగతా పిల్లలకు తల్లులు దొరుకుతాయా? అన్నీ ఒక్కసారే లోపలుంటేనే ఏది దేనిదో తెలుస్తుంది. నా మిషన్‌లో గొర్రెలు చాలా ఉన్నాయి, దొడ్డి చిన్నది, కంచె తెగిపోతోంది. అందుకే దొడ్డి పెద్దది చేస్తున్నాను.

అత్తకు ఇట్టే అర్థమైంది. పెట్టె తెరిచి ముక్కలు చూపించమంది. పచ్చటి పలకలు, ఒక అంచుకు బంగారు పూత. ఇది నిజం బంగారమేనా అంది. పలుచగా పూసినా బంగారమేనన్నాను. అవి ఎట్లా నిలబడతాయంది. ఈ బంగారు అంచే వీటి కాళ్లు, ఈ కాళ్ల మీదే లోపల నిలబడతాయి, పాతవాటి పక్కనే కొత్తవి నిలబెడతాం, ఒకదానితో ఒకటి పొసగకపోతే మిషన్ అసలు లేవనే లేవదు అన్నాను. అత్త తల ఊపింది. ఆ తల ఊపడంలో ఏముందో నేను అప్పుడే చూసుకోవాల్సింది.

మర్నాడు పొద్దున్నే నాగేందర్ డ్యూటీకి వెళ్లాడు. నేను ఇన్వర్టర్ బాగుచేయించుకోవడానికి దేవరకొండ పోయి మధ్యాహ్నానికి వచ్చాను. మెమరీ పెట్టె మీద కుంకుమ బొట్టు ఉంది, పక్కన నిమ్మకాయ. మోటారు కొన్నా, మిక్సీ కొన్నా మా ఇంట్లో ఇది మామూలే. మురిసిపోయి, నిమ్మకాయ తీసి కిటికీలో పెట్టి, కొత్త ముక్కలను పాతవాటి పక్కన నొక్కి బిగించి, దేవుడికి దండం పెట్టుకుని స్విచ్ వేశాను.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. బీప్, బీప్, బీప్ అని గొంతు పట్టుకున్నట్టు అరవడం మొదలుపెట్టింది.

కొత్తవి తీసేస్తే పాతవాటితో బుద్ధిగా లేస్తోంది. కొత్తవి పెడితే అరుపులు. ఒక్కొక్కటే పెట్టి చూశాను, జాగాలు మార్చి చూశాను. అవే అరుపులు. దొడ్లో కట్టేసిన మేక అది విని ఎదురు అరిచింది. నాకు తల తిరిగిపోయింది. నాగేందర్‌కు ఫోన్ చేసి, పాడైన సరుకు అంటగట్టించుకొచ్చావని కడిగేశాను. అతను షాపువాడికి చేశాడు. షాపువాడు తన సరుకు బంగారమని, మార్చి ఇవ్వాలంటే పండుగ వెళ్లాకే కుదురుతుందని చల్లగా చెప్పాడు. పండుగ వెళ్లాక నాకెందుకు? జంగయ్య వచ్చేది ఎల్లుండి.

వంటింట్లోకి వెళ్లి పీట మీద కూలబడ్డాను. అత్త రొట్టెలు చేస్తోంది. నా మొహం చూసి మొత్తం విషయం రాబట్టింది. కొత్త ముక్కలు పాతవాటితో పొసగడం లేదని చెప్పాను. ఆమె చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది.

"గట్లెట్ల పొసగవు బిడ్డా? కొత్త జీవాన్ని మందల కలిపేటప్పుడు ఎట్ల జేస్తనో గట్లనే జేసిన. అన్నిటి కాళ్లకు పసుపు రాసిన, ఎండనిచ్చిన, గప్పుడు పెట్టెల పెట్టిన."

బయట మేక ఇంకా అరుస్తూనే ఉంది. నేను లేచి మిషన్ దగ్గరికి వెళ్లాను.

ఒక ముక్క తీసి వెలుతురులో తిప్పి చూశాను. మా అత్త చెయ్యి ఎంత నేర్పు గలదో అప్పుడు తెలిసింది. ఒక్క చుక్క ఎక్కువ కాలేదు, పైన ఎక్కడా పడలేదు. ఆ బంగారు అంచు పొడవునా, రెండు వైపులా, పలుచగా, సమంగా పసుపు. ఎండిపోయి, బంగారం రంగులో బంగారం మీద కలిసిపోయి, కరెంటు దాటకుండా అడ్డం పడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వచ్చింది. వాటిని కాళ్లన్నది ఎవరు? నేను. పొసగకపోతే లేవదని భయపెట్టింది ఎవరు? నేనే. మా ఊళ్లో కొత్త గొర్రెను కొంటే కాళ్లకు పసుపు రాయకుండా ఎవరూ మందలోకి తోలరు. ఆమె చేసిన దాంట్లో తప్పు ఎక్కడుందో ఎంత వెతికినా నాకు దొరకలేదు. కోపం దిగిపోయింది. దిగిపోయాక నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

అటక మీది నుంచి పాత సంచీ దించాను. రక్తం తీసే ముందు గొర్రెల మెడ తుడిచే స్పిరిట్ సీసాలో ఇంకా సగముంది. దూది తడిపి ఒక్కో అంచును మెల్లగా తుడవడం మొదలుపెట్టాను. దూది పచ్చబడుతోంది. గుమ్మం దగ్గర అలికిడైతే తల ఎత్తాను. అత్త నిలబడి ఉంది. దూదిని చూసింది, నన్ను చూసింది. ఆమె మొహం చిన్నబోయింది. నాలుక మీద ఉన్న మాటలన్నీ వదిలేసి, తోచింది చెప్పాను.

"ఏం లేదత్తా. పొద్దుగాల పసుపు రాస్తివి గదా, ఇప్పుడు కాళ్లు కడుగుతున్న. కడిగినంకనే లోపటికి పోతయంట."

ఆమె అమాయకురాలేం కాదు. ఏం జరిగిందో పూర్తిగా తెలిసిపోయింది. అయినా నేను ఇచ్చిన దారి పట్టుకుంది. పక్కన చతికిలబడి, చెంగుకు చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఒక దూది ముక్క తీసుకుంది.

"నువ్వు కొత్తగ వచ్చిన్నాడు గూడ గంతే. కాళ్లు కడిగే లోపటికి తీస్కపోయిన. నువ్వు పొసగలేదా మాకు?"

ఇద్దరం కూర్చుని అన్నీ తుడిచాం. మిషన్ లోపల ముక్కలు దిగే గాడుల్లో పడిన పసుపు పొడిని కొత్త టూత్‌బ్రష్‌తో నేను దులిపాను. ఆరేదాకా ఆగాం. మళ్లీ నిలబెట్టి, ఈసారి స్విచ్ అత్తతో వేయించాను. ఒక్క బీప్. తెర మీద వెలుతురు. మెమరీ ఎంత ఉందో చూపించే అంకె పక్కన పాతదీ కొత్తదీ కలిపి మొత్తం కనబడింది. కలిసినయా అని అడిగింది అత్త. కలిసినయ్ అన్నాను.

ప్రోగ్రామ్ మొదలుపెట్టాను. అంతకుముందు చచ్చిపోయిన చోటు దాటింది. దాటి నడుస్తూనే ఉంది. ఇన్వర్టర్ నమ్మకం మీద ఆ రాత్రి, మర్నాడు అలాగే వదిలేశాం. అత్త మధ్య మధ్య వచ్చి, ఈనే గొర్రె పక్కన కూర్చున్నట్టు దాని పక్కన కాసేపు కూర్చుని పోయేది. లోపల ఏం జరుగుతోందని అడగలేదు. ఫలితం ఎటు వస్తుందో నాకూ తెలియదు. మామ మాటే నిజమై, రంగొక్కటే మిగిలిందని తేలితే ఆమె మొహం ఎట్లా చూడాలన్నదే నా బెంగ. అప్పుడు మిషన్ చెడిపోయిందని అబద్ధం చెప్పేద్దామా అనిపించింది కూడా. చదువుకున్న చదువు గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకున్నాను.

జంగయ్య చెప్పిన రోజే వచ్చాడు. ట్రాలీ బండి వేప చెట్టు కింద ఆపి, అరుగు మీద కూర్చుని మామతో వానల గురించి మాట్లాడుతున్నాడు. లోపల తెర మీద బొమ్మ వచ్చింది.

ఆ బొమ్మలో ఒక్కో గొర్రె ఒక్కో చుక్క. ఒక్కో మందకు ఒక్కో రంగు ఇచ్చాను. రక్త సంబంధం ఉన్నవి దగ్గర దగ్గరగా చేరతాయి, లేనివి దూరంగా ఉంటాయి. మామను, అత్తను లోపలికి పిలిచి ఈ సంగతి చెప్పాను. మామ తెల్లవి నీలం చుక్కలై ఒక మూలకు గుంపుగా ఉన్నాయి. దేవరకొండ చుట్టుపక్కల నల్లవి ఆకుపచ్చగా, వాటికి కొంచెం ఇవతల. అత్తవి ఎరుపు. ఆ ఎర్ర చుక్కలు నీలం దగ్గర లేవు, ఆకుపచ్చ దగ్గరా లేవు. అటు చివర పసుపు రంగు చుక్కల గుంపులో కలిసిపోయి ఉన్నాయి.

"గా పసుపుయి ఎవరియి?" అంది అత్త.

కోస్గివని చెప్పాను. నా పరిశోధన మొదటి ఏడు ఆమె తమ్ముడు లింగస్వామి మంద దగ్గర తీసిన రక్తమది. ఆ తర్వాత ఆయన గొర్రెలన్నీ అమ్మేసి ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె తల్లిగారింట్లో దొడ్డి లేదు, ఆ జాగాలో సిమెంటు నేల ఉంది. ఈ సంగతి అత్తకు నాకంటే ఎక్కువ తెలుసు. తెర దగ్గరికి వంగి, వేలు తగలనివ్వకుండా ఆ పసుపు చుక్కలను చూపించింది.

"గవి ఎన్నడో అమ్ముడువోయె గదా బిడ్డా. ఏడున్నయిప్పుడు?"

"నీ దొడ్ల ఉన్నయత్తా," అన్నాను. "ఇంకేడ లేవు."

అత్త కింద కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకోను కూడా లేదు, వాటిని అలా కారనిచ్చింది.

మామ తెర ముందే నిలబడ్డాడు. నీలం గుంపును చూశాడు, ఎరుపు గుంపును చూశాడు. రెండింటికీ మధ్య అంత ఖాళీ ఎట్లా మిగిలిందని నన్నడిగాడు. ఒక్క తరంలో పోతు మారినా ఇవి ఇటు జరిగేవని, ప్రతిసారీ కోస్గి పోతునే తేబట్టి అక్కడే ఉండిపోయాయని చెప్పాను. ఆయన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. బస్సు మీదికి ఎక్కించిన పోతులన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. పెళ్లాం మొండితనమని ఊరంతా చెప్పుకుంటూ, తిట్టుకుంటూ, ఆమె పుట్టింటిని ఇన్నేళ్లూ మోసుకొచ్చి ఈ దొడ్లో నిలబెట్టింది ఆయనే.

"పోతులను తెచ్చింది నేనని గూడ చెప్తదా గీ మిషన్?" అన్నాడు.

చెప్పదన్నాను. నేను రాస్తానన్నాను.

ఆయన తుండు భుజాన వేసుకుని అరుగు మీదికి వెళ్లాడు. నేను గుమ్మం దాకా వెళ్లాను. జంగయ్య అప్పటికే లేచి, నల్లవాటిని బండెక్కించడానికి దొడ్డి తడిక మీద చెయ్యి వేశాడు. మామ వెళ్లి ఆ చెయ్యి తీసేసి, తడిక మళ్లీ బిగించాడు.

"తెల్లయి ఎన్ని గావాలన్న పట్టుకపో జంగయ్యా," అన్నాడు. "నల్లయి మనయి గావు. ఆమె తల్లిగారియి. నేనెట్ల అమ్ముత?"